ఒక్కపూట దూరంలో లండన్

మొన్న చలికాలంలో మా చిన్నమ్మ లండన్ నుంచి వస్తున్న రోజున మా అమ్మాయి తన ఫోన్‌లో ఆమె టికెట్ తెరిచి నా చేతికిచ్చింది. అక్కడ బయలుదేరే వేళ ఒక పక్క, ఇక్కడ దిగే వేళ ఇంకో పక్క, రెంటికీ మధ్య ఒక సన్నటి గీత. ఆ గీత మీద ప్రయాణం మొత్తం ఎన్ని గంటలో విడిగా వేసి ఉంది. నేను కళ్ళజోడు సర్దుకుని ఆ అంకె వంకే చూస్తూ కూర్చున్నాను. మా అమ్మాయికి అందులో వింతేమీ కనిపించలేదు. నాకు కనిపించింది. మా కాలపు టికెట్ల మీద ఆ అంకె ఉండేది కాదు; ఉండి ఉంటే మా చిన్నమ్మ ఈ ఊరు దాటేదే కాదు. ఆమె నర్సు ఉద్యోగం, అక్కడే జరిగిన ఆమె పెళ్ళి, ఆమె పిల్లలు, చర్చి పక్కన ఆమె చిన్న ఇల్లు, ఇవన్నీ ఆ అంకె లేకపోవడం వల్ల వచ్చినవే.

ఆ రోజంతా ఫోన్ నా చేతిలోంచి దిగలేదు. విమానం బొమ్మ ఒకటి పటం మీద పాకుతూ ఉంటుందట, ఎక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో, ఇంకా ఎంత దూరం మిగిలిందో అన్నీ చెబుతుందట. పప్పు పొయ్యి మీద పెట్టి చూశాను, దించి చూశాను. సముద్రాలు, ఎడారులు దాటుకుంటూ చిన్నమ్మ వస్తోంది, నేనేమో వంటింట్లో నిలబడి ఆమె ఏ దేశం మీద ఉందో చూస్తున్నాను. ఒక్క సంగతి మాత్రం అర్థం కాలేదు. నేను పలకమీద గీసినట్టు ఊరికీ ఊరికీ మధ్య తిన్నగా గీత ఉంటుందనుకుంటే, అది విల్లులాగా పైకి వంగి ఉంది. దగ్గరి దారి వదిలేసి అంత చుట్టు తిరుగుడెందుకని అమ్మాయిని అడిగాను. భూమి గుండ్రం కదమ్మా, అదే దగ్గరి దారి అంది. ఈ వయసులో కూడా భూమి గుండ్రమన్న సంగతి నాకు ఎవరో ఒకరు గుర్తు చేయాల్సి వస్తోంది.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు, పేరు సువార్త. ఎనభై దాటింది. లండన్‌లో అన్నేళ్ళున్నా ఆమె మాట మారలేదు. సరిగ్గా చెప్పాలంటే మేమిక్కడ టీవీలు చూసి, పిల్లల ఇంగ్లీషు విని మార్చేసుకున్నాం గానీ, ఆమె వెళ్ళేనాటి మెదక్ మాటను అట్లాగే మడతపెట్టి దాచుకుంది. వచ్చిన మర్నాడు కాఫీ తాగుతూ, ఆబిడ్స్‌కు తీసుకుపొమ్మంది. ఏం కొనాలని అడిగాను. కొనేది లేదట, విమానం టికెట్లిచ్చే ఆఫీసు ఒకటుండేది, ఆ జాగా చూడాలట.

“నిన్నొక మాట అడగాలె. గీడ గాదు, గాడనే అడుగుత. మీ అమ్మమ్మ ముచ్చట,” అంది. అని గ్లాసు కింద పెట్టింది. ఆదివారం చర్చి అయ్యాక వెళ్దామని చెప్పాను. మధ్యలో రెండు రోజులున్నాయి, ఆ రెండు రోజులూ నా బుర్ర నిండా మా నాంపల్లి క్వార్టరే.

నాంపల్లి స్టేషన్ వెనక రైల్వే క్వార్టర్లలో ఒకటి మాది. ముందొక గది, వెనకొక గది, వంటిల్లు, బయట నల్లా. ఇంజన్ల పొగకు మా ఉతికిన బట్టలు ఎప్పుడూ ఆరీ ఆరకుండానే మాసేవి. అమ్మ తెల్లచీరలే కొనేది కాదు. నాన్న స్టేషన్‌లో విచారణ కిటికీ దగ్గర పనిచేసేవాడు. ఏ బండి ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది, ఏ ఊరికి ఏ వేళకు చేరుతుంది అని లోకమంతా ఆ కిటికీలో తల దూర్చి అడిగేది, ఆయన పుస్తకం చూడకుండానే చెప్పేవాడు. ఇంటికొచ్చినా అదే ధోరణి. బొంబాయి బండి పోయాక అన్నం, కాజీపేట బండి వచ్చాక పడక. వంటింటి తలుపు పక్కన మేకుకు ఒక టైమ్ టేబుల్ వేలాడేది, పాతదైపోతే కొత్తది వచ్చేది. ఇరుగుపొరుగు ఇళ్ళలో ఆ చోట ఏసుప్రభువు పటమో క్యాలెండరో ఉండేది. మా నాన్న ఆ పుస్తకాన్ని ఎంత నమ్మాడంటే, బండి ఆలస్యంగా వస్తే బండిదే తప్పనేవాడు గానీ పుస్తకాన్ని ఒక్క మాట అనేవాడు కాదు.

మా అమ్మమ్మ మాతోనే ఉండేది. ఆమె భర్త, అంటే మా తాతయ్య, మెదక్ చుట్టుపక్కల పల్లెల్లో దేవుని మాట చెప్పే ఉపదేశిగా సైకిల్ మీద తిరిగినవాడు. ఆయన గుమ్మం దాటగానే అమ్మమ్మ మోకాళ్ళూనేది, ఆయన చేరి ఉంటాడనుకున్న వేళ దాకా మెతుకు ముట్టేది కాదు. మనిషి దారిలో ఉన్నంతసేపూ ఇంట్లో ఒకరు ప్రార్థనలో ఉండాలి, ఇది ఆమె చట్టం. ఆయన పోయాక కూడా చట్టం పోలేదు. మా అమ్మ విజయవాడ వెళ్ళినా, నాన్న డ్యూటీ మీద వాడి జంక్షన్‌కు వెళ్ళినా, గోడవారన గొంగడి నాలుగు మడతలు వేసి దానిమీద మోకరించేది. ఆమె దగ్గర ఎప్పుడూ నీలగిరి తైలం వాసన వచ్చేది. మోకాళ్ళకు రాసుకునేది. ఆమెకు మైళ్ళు తెలియవు. ఫలానా ఊరు ఒక్కపూట దూరం, ఫలానా ఊరు రెండుపూటల దూరం, అంతే. అంటే అక్కడికి మనిషి చేరేలోపల తాను ఎన్ని పూటలు పస్తుండాలో అంత. నా చిన్నతనంలో నేనూ ఊళ్ళ దూరాలను అట్లాగే నేర్చుకున్నాను. బళ్ళో టీచరు మద్రాసు ఎంత దూరమని అడిగితే మూడుపూటలని చెప్పి నవ్వులపాలయ్యాను.

చిన్నమ్మ అప్పుడు ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ దిగి వచ్చిందంటే డెట్టాల్ వాసన ముందు గదిలోకి ఆమెకన్నా ముందే వచ్చేది. లండన్‌లో ఆస్పత్రులకు నర్సులు కావాలని ఆమెతో చదివిన ఒకరిద్దరు అప్పటికే వెళ్ళారు. ఈమెకూ పిలుపు వచ్చింది. మా ఇల్లు కొన్ని వారాలపాటు ఉడికింది. అమ్మ వెళ్ళమనేది, నాన్న అటూ ఇటూ కాకుండా ఉండేవాడు, అమ్మమ్మ మాత్రం వినిపించుకునేదే కాదు. పెళ్ళి కాని పిల్ల, తెల్లవాళ్ళ దేశం, చలి, ఇవన్నీ అందరూ చెప్పే కారణాలు. ఆమె అసలు కారణం వేరు. ఆమెకు చక్కెర జబ్బు వచ్చింది. వేళకు తినకపోతే కళ్ళు తిరిగి పడిపోతావని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఒకప్పటిలాగా రోజంతా పస్తుండి ప్రార్థన చేసే శక్తి ఇప్పుడు లేదు. తాను కాపు కాయలేనంత దూరానికి కూతుర్ని ఎట్లా పంపడం అన్నది ఆమె బాధ. చివరికి ఒకరోజు, బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగి, ఒక మాటకు ఒప్పుకుంది.

“నేను పొద్దున్నుంచి పగటాల్ల బువ్వ దాంక ఉండగల్గుత, అంతకు మించి నాతోని గాదు. ఆ ఒక్కపూటల చేరేంత దూరమైతే పో. లేకుంటే ఆ ముచ్చట నా ముందట తేవద్దు,” అంది.

లండన్ ఒక్కపూట దూరంలో లేదని చిన్నమ్మకే కాదు, నాకూ తెలుసు. ఓడలో వెళ్తే నెల పడుతుందని విన్నాం కదా. విమానం సంగతి మాత్రం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బేగంపేట మీదుగా పోయే విమానాలను తలెత్తి చూడటమే మాకున్న పరిచయం.

ఆబిడ్స్‌లో టికెట్ల ఆఫీసు నుంచి చిన్నమ్మ ఒక కాగితం తెచ్చింది. బొంబాయి దాకా మా నాంపల్లి బండి, అక్కడి నుంచి విమానం. బొంబాయిలో విమానం లేచే వేళ, లండన్‌లో దిగే వేళ రెండూ అందులో ఉన్నాయి. నాన్న కాగితాన్ని దీపం దగ్గరకు జరుపుకుని చదివి, మళ్ళీ చదివి, నమ్మలేనట్టు మా అమ్మ వంక చూశాడు. పొద్దున్నే లేచి అదే రోజు మధ్యాహ్నం భోజనాలవేళకు దిగుతుందట. తీసివేత చేయడం ఆయనకు రోజూ ఉన్న పనే, దిగే వేళలోంచి ఎక్కే వేళ తీసేశాడు. మన బండి విజయవాడ చేరే టైమే, అన్నాడు. మా అమ్మ ముక్కున వేలేసుకుంది. అమ్మమ్మ అల్లుడితో నేరుగా మాట్లాడేది కాదు, ఏం అడగాలన్నా నన్ను మధ్యలో పెట్టేది. ఇప్పుడూ అంతే, “మీ నాయనను మల్లొక్కసారి సదవమను,” అంది నాతో. ఆయన మళ్ళీ చదివాడు.

నాకు మాత్రం ఎక్కడో పట్టింది. లండన్ అంత దగ్గరైతే మరి దొరలు మనదేశం రావడానికి అంత తంటాలెందుకు పడ్డారని. నా బడి అట్లాసు తెచ్చాను. అమ్మమ్మ కుట్టుదారం తెంపి, ఒక కొస నేను బొంబాయి మీద నొక్కిపట్టాను, రెండో కొస నాన్న లండన్ మీద పెట్టాడు. దారాన్ని కింద స్కేలు మీద పరిచి మైళ్ళు లెక్కగట్టాం. ఆ మైళ్ళను ఆ గంటలతో భాగిస్తే వచ్చిన వేగం చూసి నాన్నకు నవ్వొచ్చింది. అంత జోరుగా పోతే రెక్కలు ఊడి రావా అన్నాడు. మరి లెక్క ఎందుకు కుదరడం లేదని నేను వదల్లేదు. ఆయన కాసేపు ఆలోచించి అట్లాసు మూసేశాడు. పిల్లల పుస్తకం, పటం తప్పుండొచ్చు, టైమ్ టేబుల్ తప్పుండదు, ఇదీ ఆయన తీర్పు. చిన్నమ్మ ఆ పక్కనే చిక్కుడుకాయలు తుంచుతోంది. తల ఎత్తలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే నాకు నాన్న మీద జాలి కాదు, ఆశ్చర్యమే కలుగుతుంది. ఇంగ్లండులో క్రికెట్ ఆట జరిగితే రేడియోకు చెవి ఆనించి, మేమంతా పడుకున్నా వ్యాఖ్యానం వినే మనిషి. మనకు చీకటి పడ్డాక అక్కడ ఎండలో ఆట ఎట్లా సాగుతోందని ఆయనకు ఒక్కనాడూ అనుమానం రాలేదు. తర్వాత నేనే అడిగాను. ఆ సంగతి వేరు, ఈ సంగతి వేరు అనుకున్నానే అన్నాడు. రైల్వే మనిషికి గడియారం ఒక్కటే. నాంపల్లిలోనూ అదే, ఢిల్లీలోనూ అదే, కలకత్తాలోనూ అదే. బండి ఎంత దూరం పోయినా వెంట అదే టైము పోతుంది. దారిలో ఎక్కడో గడియారం ముల్లు వెనక్కు తిప్పుకోవాలన్న మాట ఆ పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు. ఇట్లాంటి పొరపాటు ఒక బట్టల కొట్టువాడో బేగం బజార్ కిరాణావాడో చేసి ఉండేవాడు కాదేమో, ఎవరినో ఒకరిని అడిగేవాడు. మా నాన్నను అందరూ అడుగుతారు గానీ ఆయన ఎవరిని అడుగుతాడు?

అమ్మమ్మ మాట తప్పే మనిషి కాదు. ఒక్కపూటే గదా, పోనియ్ అంది. చిన్నమ్మను నాంపల్లిలోనే బొంబాయి బండి ఎక్కించాం. రైలు ప్రయాణానికి మా అమ్మ ప్రార్థనలో కూర్చుంది. రైలు అల్లుడి శాఖది గనుక సగం పూచీ అల్లుడిదే అన్నట్టు అమ్మమ్మ కొంత నిశ్చింతగా ఉంది. విమానం రోజు మాత్రం తెల్లవారకముందే లేచి, తలస్నానం చేసి, గొంగడి మడత వేసింది. ఆ పూట ఇంట్లో ఎవరమూ గట్టిగా మాట్లాడలేదు. పొయ్యి మీద గిన్నె పెట్టినా అమ్మ చప్పుడు కాకుండా పెట్టింది. మధ్యాహ్నం నాన్న డ్యూటీలోంచి పనిగట్టుకుని వచ్చి, గడియారం చూసి, మరదలు దిగిందని ప్రకటించాడు. అమ్మమ్మ ఆమెన్ అని లేచింది. అమ్మ ఆమె కోసం పప్పుచారు, కోడిగుడ్డు కూర చేసి ఉంచింది. అందరం కలిసి కూర్చుని తిన్నాం. అమ్మమ్మ ఆ రోజు ఎంత సంతోషంగా ఉందంటే, నాకు తన పళ్ళెంలోంచి గుడ్డు ముక్క తీసి పెట్టింది. మర్నాడు క్షేమంగా చేరానని చిన్నమ్మ తంతి వచ్చింది.

కొన్ని వారాలయ్యాక ఆబిడ్స్‌లోని మా బళ్ళో భూగోళం టీచరు ఒక బత్తాయిపండు, ఒక టార్చిలైటు తెచ్చింది. కిటికీలు మూయించి, బత్తాయి మీద సిరాతో ఒక చుక్క మన ఊరికి, ఒక చుక్క లండన్‌కు పెట్టి, లైటు ముందు నెమ్మదిగా తిప్పింది. మన చుక్క చీకట్లోకి జారుతుంటే లండన్ చుక్క ఇంకా వెలుగులోనే ఉంది. నేను లేచి నిలబడి అడిగాను, అక్కడ భోజనాలవేళ అయితే మనకు ఏ వేళ అని. దీపాలు పెట్టే వేళ అంది టీచరు. ఆ తర్వాత పాఠం నాకేమీ ఎక్కలేదు. ఆబిడ్స్ నుంచి నాంపల్లి దాకా ఎక్కడా ఆగకుండా పరుగెత్తాను. లెక్క ఎందుకు కుదరలేదో తెలిసిపోయిందన్న సంతోషమే తప్ప నాకు మరో ఆలోచన లేదు.

నాన్న ఇంట్లోనే ఉన్నాడు. చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. అట్లాసు తెరిచి, దారం పరిచి, ఈసారి సరైన గంటలతో భాగిస్తే విమానానికి ఉండాల్సిన వేగం చక్కగా వచ్చింది. పటమే ఒప్పు, చూశావా అన్నాడు పెద్దగా, పటం తానే అచ్చేసినంత గర్వంగా. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, గోడ అవతల అమ్మమ్మ ఉందని. నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆలస్యమైపోయింది. ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నా వంక చూడలేదు. ఆ ఇంట్లో ఆమె మా నాన్నతో నేరుగా మాట్లాడటం నేను విన్నది అదే మొదలు.

“అంటే మనం అందరం కూసోని బువ్వ తింటున్నప్పుడు, పిల్ల ఇంకా మీదనే ఉండెనా?”

నాన్న తలకాయ ఊపాడు. ఆయన అంత చిన్నబోయి నిలబడటం కూడా నేను చూసింది అదే మొదలు. అమ్మమ్మ లోపలికి వెళ్ళింది. ఆ రాత్రి అన్నం తిన్నది, వేళకు మందు వేసుకుంది, నన్ను పక్కన వేసుకుని పడుకుంది. నాకు చాలా భయమేసింది, ఆమె తిట్టకపోవడం వల్ల.

ఆ వారంలోనే చర్చి అయ్యగారు ఇంటికి వస్తే ఆయనను అడిగింది, అయిపోయిన ప్రయాణానికి ఇప్పుడు ప్రార్థన చేయొచ్చా అని. అయ్యగారు నవ్వి, చేరిన మనిషి చేరనే చేరింది కదమ్మా, ఇంకెందుకు అన్నారు. ఆమె కదలకపోయేసరికి కాస్త గంభీరంగా, దేవునికి నిన్న, రేపు అని లేవు, ఎప్పుడు చేసినా ఆయనకు ముడుతుంది అన్నారు.

“దేవునికి గడియారం లేకుంటే లేకపాయె అయ్యగారూ. నాకున్నది. ఆ గంటలు నేను కూసోలే,” అంది అమ్మమ్మ.

శనివారం పొద్దున మామూలుగా చద్ది తిన్నది. మధ్యాహ్నం అందరం ఏ వేళకైతే ఆనాడు లేచి అన్నానికి కూర్చున్నామో, సరిగ్గా ఆ వేళకు గొంగడి వేసుకుని మోకరించింది. అమ్మ డాక్టరమ్మ మాట గుర్తు చేసింది, బతిమాలింది, చివరికి బెల్లం నీళ్ళ గ్లాసు చేతిలో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది, ఆమె ఒరిగితే పట్టుకోవడానికి. నాన్న స్టేషన్‌కు వెళ్ళకుండా సెలవు పెట్టి, గడియారం ముందు కూర్చున్నాడు. ఈసారి ఒక్క నిమిషం కూడా తేడా రాకూడదని ఆయన పట్టుదల. పొద్దువాలింది. బొంబాయి బండికి జనం రిక్షాల్లో స్టేషన్‌కు పోతున్నారు. ఆమె చెమటతో తడిసింది, పెదాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి. దీపం పెట్టే వేళకు నాన్న, అయింది అత్తమ్మా అన్నాడు. ఆమె గోడ పట్టుకుని లేచింది. బెల్లం నీళ్ళు తాగి, అన్నం అడిగి పెట్టించుకుని, రెండోసారి కూడా పెట్టించుకుంది.

ఆ తర్వాత చిన్నమ్మ వచ్చినప్పుడూ పోయినప్పుడూ నాన్న గంటలు కలిపి చెప్పేవాడు. అమ్మమ్మ, అమ్మ, నేను వంతులేసుకుని కూర్చునేవాళ్ళం. అమ్మమ్మ బతికుండగా చిన్నమ్మ రెండుసార్లు వచ్చి వెళ్ళింది. తల్లీ కూతుళ్ళు ఎన్నో మాట్లాడుకున్నారు గానీ ఆ మొదటి ప్రయాణం మాట ఎవరూ ఎత్తలేదు. మమ్మల్ని అమ్మమ్మ ముందే ఆపింది, దానికి చెప్పొద్దు, పరాయి దేశంలో ఒక్కతే ఉంటది, మనసు పాడు చేసుకుంటది అని. అమ్మమ్మ పోయాక కూడా ఎందుకో ఆ మాట మా నోటి దాకా రాలేదు. నాన్నా, అమ్మా కూడా వెళ్ళిపోయారు. ఇక ఆ శనివారం తెలిసినదాన్ని నేనొక్కతినే మిగిలాను.

ఆదివారం చర్చి అయ్యాక చిన్నమ్మా నేనూ ఆబిడ్స్‌లో ఆటో దిగాం. దుకాణాలు మూసి ఉన్నాయి, మెట్ల మీదా కాలిబాట మీదా పాతపుస్తకాలు పరిచి అమ్ముతున్నారు. ఆమెకు అన్నీ కొత్తగానే ఉన్నాయి, పోస్టాఫీసు తప్ప. దాన్ని ఆనవాలు పెట్టుకుని అటు నడిచి, ఇటు నడిచి, ఒక షట్టర్ ముందు ఆగింది. ఇప్పుడది రెడీమేడ్ బట్టల షాపు. ఇక్కడనే, అంది. చేతికర్ర మీద బరువు మోపి, అసలు మాట చెప్పింది. టికెట్ ఇచ్చిన మనిషి ఆమెకు అంతా చెప్పాడట. ఇది లండన్ టైమమ్మా, మన లెక్కలో దీపాలవేళ అయితదని. ఇంటికొచ్చి నోరు విప్పుదామనుకుంది, అంతలో మా నాన్న లెక్క మొదలుపెట్టాడు. నేను దారం తెచ్చినప్పుడు ఇక దొరికిపోయాననుకుందట.

“నోరు మూసుకోని కూసున్న. మీద ఉండంగ, ఇప్పుడు ఇంట్ల అందరు లేసి తింటున్నరు అని ఎరుకే నాకు. గప్పటిదాంక భయం కాలే. గప్పటి సంది నాకోసం నేనే ప్రార్థన చేసుకున్న. పుట్టి అట్ల చేసుకున్నది అదే మొదలు. నా కోసం ఎప్పుడు ఎవరో ఒకలు చేస్తుండిరి గద.” అప్పుడు నా వైపు తిరిగింది. “అమ్మకు ఎరుకైందా? నేను మోసం చేసి పోయిన్నని ఎరుకయ్యే పోయిందా మా అమ్మ? గిదే నేను అడగాల్ననుకున్నది.”

ఇన్నేళ్ళు ఆమె మోసినదేమిటో నాకప్పుడు తెలిసింది. అమ్మమ్మ వద్దన్నది ఆమె మనసు పాడు కాకూడదని. ఇప్పుడు చెప్పకపోతేనే పాడవుతుంది. అక్కడే, పుస్తకాల బేరాల మధ్య, చెప్పాను. బత్తాయిపండు, నాన్న లెక్క కుదరడం, అమ్మమ్మ గుమ్మంలో నిలబడటం, అయ్యగారి మాట, శనివారం. చిన్నమ్మ వింటూ వింటూ షాపు మెట్టు మీద కూర్చుండిపోయింది. ఏ వేళ నుంచి ఏ వేళ దాకా అని అడిగింది. చెప్పాను. తనకు విమానంలో కాసేపటికి భయం దానంతటదే పోయి, దిగేదాకా పసిపిల్లలా నిద్రపోయానని, తన ప్రార్థన వల్లే అనుకున్నానని అంది. కొన్ని వారాల తర్వాత నాంపల్లిలో చేసిన ప్రార్థన వెనక్కి ఆ విమానం దాకా పోయిందా లేదా అన్నది నాకు తెలియదు. ఏ ఫోన్‌లోనూ చూసి చెప్పగలిగిన దూరం కాదది. ఎప్పుడు చేసినా ముడుతుందని అయ్యగారు అన్నారు గానీ, నాకు మాత్రం ఆ అనుమానాన్ని అట్లాగే ఉండనివ్వడమే బాగుంది.

ఇంకొక్క మాట మిగిలింది. ఆ శనివారం అన్నం తిన్నాక, చెయ్యి కడుక్కుంటూ అమ్మమ్మ మా అమ్మతో అన్న మాట. చిన్నమ్మ అడిగినదానికి జవాబు అదే. దాన్ని నేను మామూలుగా చెప్పలేకపోయాను, అమ్మమ్మ గొంతే వచ్చింది.

“సువార్తకు ఎరుక లేక ఉంటదా? నర్సు గద, గంట గంటకు రోగి నాడి జూసే పిల్ల. దానికి ఎరుకే. నాకే ఎరుక లేదు. ముందుగాల ఎరుకైతే నేను పోనియ్యకపోదును. ఎరుక లేకపోవుడే మంచిగైంది.”

చిన్నమ్మ చేతికర్ర పక్కన పెట్టి, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. పుస్తకాలతను బేరం ఆపి మా వంక చూస్తున్నాడు. ఆమెకు ఆ ధ్యాసే లేదు, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

“మల్లొక్కసారి చెప్పు. అమ్మ ఎట్లన్నదో గట్లనే చెప్పు,” అంది.

మళ్ళీ చెప్పాను.